చీటీ మీద ఇంకో రెండు ముక్కలు రాయండి: మూత్రం ఆపుకోలేనివాళ్ళకు మందు రాసే డాక్టర్లకు బహిరంగ లేఖ

డాక్టర్ గార్లకు నమస్కారం.

కోస్తాలో ఒక మండల కేంద్రంలో మెడికల్ షాపు నడుపుతున్న ఫార్మసిస్టుని నేను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని ఫిజీషియన్లు, గైనకాలజిస్టులు, యూరాలజిస్టులు అందరినీ ఉద్దేశించి రాస్తున్నాను. అందులోనూ చిన్న ఊళ్ళలో తల నుంచి కాలి దాకా అన్ని జబ్బులూ ఒక్కరే చూసే ఎంబీబీఎస్ డాక్టర్లు ఇది చదవాలని నా ఆశ. ఓవర్‌యాక్టివ్ బ్లాడర్‌కు, అంటే మూత్రాశయం అదుపు తప్పి ఉన్నట్టుండి మూత్రం ముంచుకొచ్చే జబ్బుకు, మీరు రాసే మందుల గురించే ఈ ఉత్తరం.

సోలిఫెనసిన్, టోల్టెరోడిన్, ఆక్సిబ్యూటినిన్, డారిఫెనసిన్, ట్రోస్పియం, ఈమధ్య ఎక్కువగా మిరాబెగ్రాన్. వీటిలో ఏదో ఒకటి ఉన్న చీటీ మా కౌంటర్ మీదకు తరచు వస్తుంటుంది. మందు పేరు, పూటకు ఎన్ని, ఎన్నాళ్ళు అన్నవి ఉంటాయి. దేనికి రాశారో ఉండదు, మళ్ళీ ఎప్పుడు కనపడాలో ఉండదు. వచ్చినావిడను అడిగితే "ఏమో బాబూ, పాసుకే అనుకుంటా" అంటుంది. నెల తిరిగేసరికి వీళ్ళలో చాలామంది ఆ మందు కోసం మళ్ళీ రారు. ఇంకో రకం ఉన్నారు. మడతల దగ్గర చిరిగిపోయిన పాత చీటీ పట్టుకుని, ఏళ్ళ తరబడి అదే మందు అదే మోతాదులో తీసుకుపోతుంటారు. ఆ చీటీ రాసిన డాక్టరు ఊరు మారి వెళ్ళిపోయి ఉంటారు కూడా. మందు పనిచేసే లోపే మానేసేవాళ్ళు, మానాల్సి వచ్చినా మాననివాళ్ళు. ఇద్దరి చీటీల్లోనూ లేనివి అవే రెండు ముక్కలు: మందు ఎందుకు, మళ్ళీ ఎప్పుడు రావాలి.

వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు. షాపులో జనం పలచబడేదాకా పక్కన నిలబడతారు. మగవాళ్ళు ఉంటే తలనొప్పి బిళ్ళ అడిగి వెళ్ళిపోయి మళ్ళీ వస్తారు. మీ దగ్గరకు వచ్చేముందే చాలామంది రెండు మూడు కోర్సుల యాంటీబయాటిక్ మింగి ఉంటారు. మంట లేదు, జ్వరం లేదు, యూరిన్ కల్చర్ (మూత్రంలో క్రిములున్నాయేమో చూసే పరీక్ష) చేయించలేదు. "మాటిమాటికీ వెళ్ళాల్సి వస్తోంది" అన్న ఒక్క మాటకు ఇన్ఫెక్షన్ అని మందు పడిపోయింది. అంతర్జాతీయ కాంటినెన్స్ సొసైటీ 2002లో ఈ జబ్బును నిర్వచించినప్పుడు మొదటి స్థానం ఇచ్చింది ముంచుకొచ్చే మూత్రం ఒత్తిడికి: ఉన్నట్టుండి వచ్చి, వాయిదా వేయడం కష్టమయ్యే ఒత్తిడి. ఎక్కువసార్లు వెళ్ళడం, రాత్రుళ్ళు లేవడం, వెళ్ళేలోపే పడిపోవడం దాని వెంట వచ్చేవి. ఇన్ఫెక్షన్ లాంటి వేరే కారణం ఉండకూడదు. ఒత్తిడి ముంచుకొస్తుందా అన్న ఒక్క ప్రశ్న అడిగితే సగం పని అయిపోతుంది. దగ్గినప్పుడు, నవ్వినప్పుడు, బిందె ఎత్తినప్పుడు చుక్కలు పడే ఆవిడకు కారణం వేరు. ఆవిడకు టోల్టెరోడిన్ ఇస్తే నోరు ఎండటం తప్ప ఒరిగేదేమీ ఉండదు. అలాంటి చీటీలూ చూస్తుంటాను. రామిప్రిల్, ఎనాలాప్రిల్ లాంటి బీపీ మాత్రతో వచ్చిన పొడిదగ్గు వల్ల చుక్కలు పడుతుంటే మార్చాల్సింది ఆ బీపీ మాత్రను.

మందు ఎలా పనిచేస్తుందో మీకు చెప్పక్కర్లేదు. ఈ ఉత్తరం చదివే మిగతావాళ్ళ కోసం రెండు మాటలు. మూత్రాశయం గోడలోని డిట్రూసర్ కండరం ముడుచుకోవాలంటే అసిటైల్‌కోలిన్ అనే రసాయనం వచ్చి దాని రిసెప్టర్లను (ఆ రసాయనాన్ని అందుకునే చోట్లను) తాకాలి. సోలిఫెనసిన్, టోల్టెరోడిన్ కుటుంబం మందులు ఆ రిసెప్టర్లకు అడ్డం కూర్చుంటాయి. కండరం అదుపు లేకుండా ముడుచుకోవడం తగ్గుతుంది. అవే రిసెప్టర్లు లాలాజల గ్రంథుల్లో, పేగుల్లో, కంట్లో, చెమట గ్రంథుల్లో, మెదడులో కూడా ఉన్నాయి. అందుకని మూత్రాశయం ఒక్కదానికే మందు వేయడం కుదరదు. మిరాబెగ్రాన్ దారి వేరు. కండరం వదులయ్యే వైపు ఉండే బీటా-3 రిసెప్టర్‌ను అది ప్రేరేపిస్తుంది. జపాన్‌లో 2011లో, అమెరికాలో 2012లో అనుమతి వచ్చింది. ఆ కుటుంబంలోనే తరవాత పుట్టిన వైబెగ్రాన్‌కు జపాన్‌లో 2018లో, అమెరికాలో 2020 చివర్లో అనుమతి దొరికింది. ఆక్సిబ్యూటినిన్ వీటన్నిటికీ పెద్దన్న, అమెరికాలో 1975 నుంచీ ఉంది.

ఈ మందుల నుంచి ఎంత ఆశించవచ్చో ఎవరూ చెప్పడం లేదు. పరీక్షల్లో తేలిన లెక్క అంత గొప్పదేం కాదు. మందు లేని ఉత్తుత్తి బిళ్ళతో పోల్చి చూస్తే, మిరాబెగ్రాన్ వేసుకున్నవాళ్ళు రోజుకు వెళ్ళే సార్లలో తగ్గింది సగటున ఒక్కసారి కూడా కాదు. మిగతా మందులూ దానికి అటూ ఇటూగానే ఉంటాయి. ఉత్తుత్తి బిళ్ళ వేసుకున్నవాళ్ళకూ బాగానే తగ్గింది మరి! అలాగని మందు దండగ అనను. సగటు అది, కొందరికి బతుకే మారిపోతుంది, కొందరికి ఏ తేడా ఉండదు. ఎవరు ఏ రకమో వాడి చూస్తే తప్ప తెలియదు. చూడాలంటే నాలుగు వారాలు, మిరాబెగ్రాన్‌కైతే ఎనిమిది వారాల దాకా ఓపిక పట్టాలి. ఈ మాట చెప్పకుండా పది మాత్రల స్ట్రిప్ చేతిలో పెడితే ఏమవుతుంది? పదో రోజుకు గుణం కనపడదు, నోరు మాత్రం పిడచగట్టుకుపోతుంది. "పడలేదు" అని పక్కన పడేస్తారు. బ్రిటన్‌లో డాక్టర్లు రాసిన చీటీల లెక్కలు తీసి 2012లో ప్రచురించిన అధ్యయనంలో, ఏడాది చివరికి సోలిఫెనసిన్ వాడుతూ మిగిలినవాళ్ళు వందకు 35 మంది, మామూలు ఆక్సిబ్యూటినిన్ మీద మిగిలినవాళ్ళు 22 మంది. మందు చాలావరకు ప్రభుత్వమే భరించే దేశంలో సంగతి అది. స్ట్రిప్ కొన్న ప్రతిసారీ పర్సు తెరిచి చూసుకునే మన దగ్గర ఎలా ఉంటుందో మీకే తెలుసు.

నోరు ఎండిపోవడాన్ని చిన్న విషయంగా తీసేయకండి. నోరు ఎండితే నీళ్ళు తాగుతారు. నీళ్ళు తాగితే మళ్ళీ పాసుకు పరుగు. మందు వేసుకున్నాక ఇంకా ఎక్కువైందని ఫిర్యాదు చేసేవాళ్ళలో కొందరి కథ ఇదే. షుగరు ఉన్నవాళ్ళు నోట్లో పిప్పరమెంటు బిళ్ళ వేసుకుని తిరుగుతుంటారు, రక్తంలో చక్కెర పెరిగి మళ్ళీ మూత్రం ఎక్కువవుతుంది. పళ్ళసెట్టు పెట్టుకున్న ముసలివాళ్ళకు లాలాజలం లేకపోతే సెట్టు నిలవదు, ముద్ద దిగదు. నీళ్ళు గుటక గుటకగా చప్పరించమని, చక్కెర లేని చూయింగ్ గమ్ నమలమని చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. మామూలు ఆక్సిబ్యూటినిన్‌తో ఈ బాధ మిగతావాటికన్నా ఎక్కువ. అది కాలేయంలో మరో పదార్థంగా మారుతుంది, నోరు ఎండగట్టేది ఎక్కువగా అదే. నిదానంగా విడుదలయ్యే మాత్రలతో కొంత నయం. మలబద్ధకం ముందే ఉన్నవాళ్ళకు మొదటి రోజు నుంచే ఇసబ్‌గోల్ తోడివ్వడం మంచిది. నిండిన పేగు మూత్రాశయాన్ని నొక్కితే ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. గ్లకోమా (కంటి లోపల ఒత్తిడి పెరిగే జబ్బు) ఉందా అని అడిగి రాసిన చీటీ మాత్రం నాకు ఇప్పటిదాకా ఎదురుపడలేదు. అందులో ఇరుకు కోణం రకానికి ఈ మందులు ప్రమాదమని ప్రతి పెట్టెలోనూ చిన్న అక్షరాల్లో ఉంటుంది.

మన ప్రాంతానికి సంబంధించి, విదేశీ పుస్తకాల్లో ఒక్క వాక్యంతో సరిపెట్టే సంగతి ఒకటుంది: ఎండ. సోలిఫెనసిన్ కుటుంబం మందులు చెమట తగ్గిస్తాయి. చెమట పట్టకపోతే ఒళ్ళు చల్లబడదు. రెంటచింతలలో, రామగుండంలో మే నెల ఎలా ఉంటుందో కొత్తగా చెప్పేదేముంది. ఆ ఎండలో ఉపాధి హామీ పనికి పోయే ఆవిడకు సోలిఫెనసిన్ 10 మిల్లీగ్రాములు రాస్తూ, వడదెబ్బ మాట ఎత్తినవాళ్ళు ఎందరు? పైగా పని దగ్గర మరుగుదొడ్డి ఉండదని ఆవిడ పొద్దుట్నుంచీ నీళ్ళు తాగదు. చిక్కబడిన మూత్రం మూత్రాశయాన్ని ఇంకా రేపుతుంది. ఎండాకాలం మూడు నెలలు మోతాదు తగ్గించాలా, మందు మార్చాలా, పని వేళలు చూసుకోమనాలా అన్నది మీరు నిర్ణయించాల్సిన విషయం. ఆ ప్రశ్న మాత్రం రావాలి.

ఇక నన్ను ఈ ఉత్తరం రాయడానికి కూర్చోబెట్టిన సంగతికి వస్తాను. డెబ్బై దాటిన ఒకావిడ మందుల సంచి కౌంటర్ మీద గుమ్మరిస్తే ఏం కనపడుతుందో చూడండి. అరికాళ్ళ మంటలకు ఒక డాక్టరు రాసిన అమిట్రిప్టిలిన్. ఒంటి దురదకు ఇంకొకరు రాసిన హైడ్రాక్సిజిన్. జలుబుకని మధ్యమధ్యలో వేసుకునే బిళ్ళలో క్లోర్‌ఫెనిరమిన్. కడుపునొప్పికి డైసైక్లోమిన్. ఇవన్నీ ఎక్కువో తక్కువో అసిటైల్‌కోలిన్‌కు అడ్డుపడేవే. ఒక్కొక్కటీ ఒక్కో డాక్టరు, ఒక్కో రోగానికి, సబబుగానే రాశారు. ఆ బరువంతా ఒకే తల మోస్తోందని ఎవరికీ కనపడదు. దాని మీద ఇప్పుడు మూత్రానికి ఆక్సిబ్యూటినిన్. రెండు నెలల తరవాత కొడుకు వచ్చి, "అమ్మ రాత్రిళ్ళు లేచి చచ్చిపోయిన మా నాన్నతో మాట్లాడుతోందండీ" అంటాడు. వయసు మీద పడింది కదా అంటారు చుట్టాలు. మతిమరుపు జబ్బేమో చూపించమంటారు. చూపిస్తే డోనెపెజిల్ మొదలవుతుంది.

డోనెపెజిల్ చేసేది అసిటైల్‌కోలిన్‌ను పెంచడం, బ్లాడర్ మందు చేసేది దానికి అడ్డుపడటం. ఒకే మనిషికి ఒక చేత్తో అదీ, ఒక చేత్తో ఇదీ ఇస్తున్నాం. డోనెపెజిల్ వల్ల మూత్రం ఆపుకోలేకపోవడం ఎక్కువ కావచ్చు, దాంతో బ్లాడర్ మందు మోతాదు పెరుగుతుంది. నేను ఊహించి చెబుతున్నది కాదు. కెనడాలోని ఒంటారియోలో పెద్దవాళ్ళ చీటీలు పరిశీలించి 2005లో ప్రచురించిన అధ్యయనంలో, డిమెన్షియాకు (మతిమరుపు జబ్బుకు) డోనెపెజిల్ తరహా మందు మొదలుపెట్టినవాళ్ళకు ఆ తరవాత మూత్రం ఆపుకోలేకపోవడానికి మందు పడే అవకాశం, మొదలుపెట్టనివాళ్ళకన్నా ఎక్కువని తేలింది. ఒక మందు తెచ్చిన ఇబ్బందిని కొత్త జబ్బు అనుకుని ఇంకో మందు రాయడం. మన ఊళ్ళలో చీటీలన్నీ ఒకచోట చేరే రికార్డు లేదు కాబట్టి లెక్క తేలదు, అంతే.

ఏళ్ళ తరబడి వాడితే ఏమవుతుందన్నది ఇంకా పెద్ద ప్రశ్న. అమెరికాలోని సియాటిల్ ప్రాంతంలో 65 ఏళ్ళు దాటిన 3,434 మందిని ఏళ్ళపాటు గమనించి 2015లో ప్రచురించారు. అసిటైల్‌కోలిన్‌కు అడ్డుపడే మందులు కలిపి మూడేళ్ళకు పైబడిన మోతాదు వాడినవాళ్ళలో డిమెన్షియా ఎక్కువగా కనపడింది. 2019లో బ్రిటన్ నుంచి వచ్చినది ఇంకా పెద్దది. డిమెన్షియా వచ్చిన 58,769 మంది చీటీలను, రాని 2,25,574 మంది చీటీలతో పోల్చారు. అసిటైల్‌కోలిన్‌ను గట్టిగా అడ్డుకునే మందుల్లో ఏ రకంతో ముడి కనపడిందో చూస్తే, బ్లాడర్ మందులూ ఆ జాబితాలో ఉన్నాయి. అలర్జీకి వాడే రకంతో అలాంటి ముడి కనపడలేదు. ఇవి పక్కన నిలబడి గమనించిన అధ్యయనాలు. మందే కారణమని రుజువు చేయలేవు. డిమెన్షియా బయటపడకముందే మూత్రం అదుపు తప్పడం మొదలవుతుంది గనక, లెక్క తలకిందులై ఉండవచ్చన్న వాదనా ఉంది. ఒప్పుకుంటాను. కానీ అయోమయం, తూలిపడటం లాంటివి తేలడానికి ఏళ్ళు పట్టవు, వారాలు చాలు. అమెరికా వృద్ధుల వైద్యనిపుణుల సంఘం, పెద్దవాళ్ళకు ఇవ్వకూడని మందుల జాబితాలో వీటి గురించి హెచ్చరిస్తూనే ఉంది. డెబ్బై దాటినావిడకు మొదటి మందుగా ఆక్సిబ్యూటినిన్ రాయడానికి నాకైతే ఒక్క కారణమూ తోచదు, చవక అన్న కారణం తప్ప.

ఆ చవకను నేను తేలిగ్గా తీసేయను. మిరాబెగ్రాన్ ధర చెప్పగానే స్ట్రిప్‌ను నెమ్మదిగా వెనక్కి నెట్టేసే చేతులు రోజూ చూస్తాను. అయినా ఆ నిర్ణయం పేషెంటుకు వదలండి. "ఇది చవక, కానీ మతి మందగించే భయం ఉంది, ఇది ఖరీదు, ఆ భయం తక్కువ" అని చెబితే కొడుకో కూతురో ఏదో ఒకటి తేల్చుకుంటారు. చెప్పకపోతే వాళ్ళకు రెండోది ఉందనే తెలియదు. మిరాబెగ్రాన్ ఇప్పుడు మన దేశంలో చాలా కంపెనీలు తయారు చేస్తున్నాయి. ఒకే మందుకు బ్రాండు బ్రాండుకూ ధరలో తేడా ఉంటుంది. జనరిక్ పేరు స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని మెడికల్ కౌన్సిల్ 2016లోనే నిబంధనల్లో చేర్చింది. మీరలా రాస్తే అందులో చవకది వెతికి ఇచ్చే బాధ్యత మాది. మిరాబెగ్రాన్ అందనివాళ్ళకు ట్రోస్పియం ఉంది. మెదడులోకి వెళ్ళడం దానికి కష్టం. కాకపోతే పరగడుపున వేసుకోవాలి, ఆ మాట చీటీ మీద ఉండాలి. అన్నం తిని వేసుకుంటే ఒంటికి పట్టేది బాగా తగ్గిపోతుంది.

మిరాబెగ్రాన్‌కూ దాని పేచీలు దానికున్నాయి. బీపీ పెంచగలదు. బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ 2015లో హెచ్చరిక ఇచ్చింది: పైది 180 గానీ కిందిది 110 గానీ ఉండి అదుపులో లేనివాళ్ళకు ఇవ్వనేకూడదు, మిగతావాళ్ళకు మొదలుపెట్టేముందు, తరవాత కూడా బీపీ చూస్తుండాలి అని. మన దగ్గర బీపీ ఉన్నట్టే తెలియనివాళ్ళు ఎందరో. బీపీకి మెటోప్రొలాల్ వాడేవాళ్ళలో ఆ మందు మోతాదు రక్తంలో పెరిగేలా చేస్తుంది, గుండెకు డిగాక్సిన్ వాడేవాళ్ళనూ కనిపెట్టి ఉండాలి. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్ళకు 25 మిల్లీగ్రాములు దాటకూడదు. ఉద్దానం వైపు ప్రాక్టీసు చేసే డాక్టర్లకు ఇది నేను గుర్తుచేయాల్సిన పని లేదు గానీ, అక్కడి మనుషులు విశాఖలోనో హైదరాబాద్‌లోనో చూపించుకున్నప్పుడు ఎవరైనా అడగాలి కదా. ఇంకో చిన్న సంగతి: ఇది నిదానంగా విడుదలయ్యే మాత్ర. మింగలేని ముసలివాళ్ళకు ఇంట్లోవాళ్ళు పొడిచేసి పెరుగులో కలిపి పెడుతుంటారు. అలా చేయకూడదని చెప్పేవాళ్ళు లేరు.

బ్లాడర్ మందు రాసే ముందు, ఉన్న మందుల్లో మూత్రం పెంచేది ఏదైనా ఉందేమో చూడమని నా మనవి. డాపాగ్లిఫ్లోజిన్ పేటెంటు 2020 అక్టోబరులో తీరిపోయాక దాని ధర పడిపోయి, షుగరు చీటీల్లో అది మామూలైపోయింది. మంచి మందే, గుండెకూ, కిడ్నీకీ మేలు చేస్తుంది. అది చేసే పనే చక్కెరను మూత్రంలోకి పంపించడం, వెంట నీళ్ళూ పోతాయి. దాన్ని మొదలుపెట్టిన నెలలోనే సోలిఫెనసిన్ చీటీ వస్తే నాకు అనుమానం వస్తుంది. షుగరు మూడొందల్లో ఉన్న మనిషికి కావాల్సింది ముందు షుగరు తగ్గడం. ఆమ్లోడిపిన్ అనే బీపీ మాత్రతో పగలంతా కాళ్ళలో దిగిన నీరు, రాత్రి పడుకోగానే పైకొచ్చి మూత్రంగా దిగుతుంది. ఒంట్లో నీరు తీసే ఫ్రూసెమైడ్ సాయంత్రం వేసుకుంటే అర్ధరాత్రి దాకా లేవాల్సిందే. దీనికి మందు మార్చక్కర్లేదు, వేళ మారిస్తే చాలు. ఇలా రాత్రి మాత్రమే మూత్రం ఎక్కువగా తయారయ్యేవాళ్ళకు బ్లాడర్ మందు పెద్దగా చేసేదేమీ ఉండదు. కొందరు మూత్రం తయారీని తగ్గించే డెస్మోప్రెసిన్ రాస్తారు. పెద్దవాళ్ళలో అది రక్తంలో సోడియం దించేస్తుంది. సోడియం పరీక్ష రాయకుండా ఆ మందు రాయకండి.

మగవాళ్ళ సంగతి క్లుప్తంగా. ప్రోస్టేటు పెద్దదైనవాళ్ళకు టామ్సులోసిన్‌తో పాటు ఈ మందులు కలపడం ఉన్న పద్ధతే. కానీ మూత్రం పోసుకున్నాక లోపల ఎంత మిగులుతోందో స్కాన్‌లో చూడకుండా కలిపితే, ఒక రాత్రి మూత్రం పూర్తిగా బిగిసిపోయి క్యాథెటర్ (మూత్రం తీసే గొట్టం) కోసం పట్నానికి పరుగెత్తాల్సి రావచ్చు. దాని మీద జలుబు బిళ్ళ ఒకటి పడితే చెప్పనే అక్కర్లేదు. ఇక ముట్లు ఆగిపోయిన ఆడవాళ్ళకు లోపల రాసుకునే ఈస్ట్రోజెన్ క్రీము ఒత్తిడిని కొంత తగ్గించగలదు. గైనకాలజిస్టులు తప్ప ఎవరూ రాయరు. రాసినా హార్మోను అనగానే క్యాన్సరని భయపడి కొనరు. ఆ భయం తీర్చాల్సింది మీ నోటితోనే, నా కౌంటర్ దగ్గర అలాంటి మాటలు సాగవు.

మందు లేకుండా చేసే వైద్యం గురించి మీకు చెప్పేంతవాణ్ణి కాను. మూడు రోజులు ఎన్నిసార్లు వెళ్ళారో, ఎంత తాగారో కాగితం మీద రాసుకోవడం, ఒత్తిడి వచ్చినప్పుడు కొద్దికొద్దిగా ఆపుతూ మూత్రాశయానికి ఓర్పు నేర్పడం, కటి కండరాలు బిగించే వ్యాయామం, సాయంత్రం టీ మానేయడం. వీటికి ఖర్చు లేదు, మెదడుకు ముప్పు లేదు. అమెరికా యూరాలజీ సంఘం 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో మెట్టు తరవాత మెట్టు ఎక్కించే పాత పద్ధతి తీసేసి, పేషెంటుతో కూర్చుని ఏది కావాలో తేల్చుకోమంది. కూర్చునే తీరిక మన ఓపీలో ఎక్కడిదని మీరు అంటారు. నిజమే. బయట వరండాలో యాభై మంది ఉంటారు. అందుకే తెలుగులో ఒక పేజీ అచ్చువేయించి నర్సు చేతికివ్వమంటున్నాను. చదవలేనివాళ్ళకు ఆవిడ చదివి చెబుతుంది. ఆడవాళ్ళకు ఆవిడ దగ్గర సిగ్గు కూడా తక్కువ.

ఇక్కడ మందుకు సంబంధం లేని మాట ఒకటి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రాలో 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సులో టికెట్టు లేదు. టికెట్టు లేకపోయినా, దారిలో దిగి వెళ్ళడానికి శుభ్రమైన చోటు లేక బస్సే ఎక్కనివాళ్ళు నా కస్టమర్లలో ఉన్నారు. చెల్లెలి మనవరాలి పెళ్ళికి పోలేదు, తిరుపతి మొక్కు తీర్చుకోలేదు. వాళ్ళకు రోజుకు ఒక్కసారి తగ్గినా, ఆ ఒక్కసారి బస్సులో ఉన్నప్పుడైతే అది చిన్న లాభం కాదు. అందుకే ఈ మందులు వద్దని ఒక్కచోటా అనలేదు.

మాత్రలేవీ పనిచేయని కొందరు ఉంటారు. వాళ్ళకు ఇంక గుడ్డలే గతి అని చెప్పి పంపేయకండి. మూత్రాశయం కండరంలోకి బొటాక్స్ ఇంజక్షన్ 100 యూనిట్లు ఇచ్చే వైద్యానికి అమెరికాలో 2013లోనే అనుమతి వచ్చింది. నెలల తరబడి పనిచేస్తుంది, కొందరికి మూత్రం బిగిసి కొన్నాళ్ళు క్యాథెటర్ అవసరమవుతుంది. చీలమండ దగ్గర నరాన్ని వారానికోసారి అరగంట చొప్పున పన్నెండు వారాలు ప్రేరేపించే పద్ధతి ఇంకొకటి. ఇవి మన ఊళ్ళో దొరకవు. పెద్ద ఊళ్ళో యూరాలజిస్టు దగ్గరకు పంపే చీటీ మాత్రం మీరే రాయాలి.

నేను అడిగేది చిన్నది. మందు పేరు కింద "ఆపుకోలేని ఒత్తిడికి" అని తెలుగులో రాయండి. దాని కింద "ఆరు వారాలకు రావాలి, అప్పటిదాకా మానవద్దు" అని (మిరాబెగ్రాన్ అయితే ఎనిమిది వారాలకు), నోరు ఎండినా కంగారు పడక్కర్లేదని, మాట తడబడినా మతి తప్పినా వెంటనే రమ్మని రాయండి. అరవై ఐదు దాటినవాళ్ళయితే వచ్చేటప్పుడు మందుల సంచి మొత్తం తెమ్మనండి. ఆ గడువుకు గుణం లేకపోతే మందు ఆపేయండి. గుణం ఉంటే ఆరు నెలలకోసారి, ఇంకా అవసరమా అని అడగండి.

మా వైపు నుంచి చేయాల్సింది మేం చేస్తాం. ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనలు 2015 ప్రకారం మందు ఎలా వాడాలో పేషెంటుకు వివరించడం మా విధి, చాలా షాపుల్లో అది జరగడం లేదని నాకు తెలుసు. పాత చీటీ మీద ఏళ్ళ తరబడి ఈ మందు ఇచ్చేస్తున్న షాపులవాళ్ళ తప్పు మీ తప్పుకన్నా తక్కువేం కాదు. సంచిలో అడ్డుపడే మందులు రెండు మూడు కనపడితే చీటీ వెనక వాటి పేర్లు రాసి మీకు పంపుతాను. మీ పనిలో వేలు పెట్టానని కోప్పడకండి. ఫోన్ చేసి "అది ఉంచు, ఇది ఆపు" అని ఒక్క మాట చెప్పండి, పేషెంటును మళ్ళీ బస్సెక్కించకుండా ఇక్కడే సరిచేస్తాం.

ఇట్లు,
ఒక మండల కేంద్రంలోని రిజిస్టర్డ్ ఫార్మసిస్టు